సంగటి కట్టె ఎవరి చేతిలో?

(కడపలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కీళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు ఇంటిపని ఎట్లా చేసుకోవాలి అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మొదట నాకు నవ్వొచ్చింది. కీళ్ళ నొప్పులున్న మగవాళ్ళు ఇంటిపని ఎట్లా చేసుకోవాలని ఎవరూ సభ పెట్టరు. మగవాడికి నొప్పులొస్తే మంచం వాలుస్తారు. ఆడదానికి నొప్పులొస్తే ఇంట్లో పని ఎట్లా సాగుతుందని దిగులు పడతారు. అయినా ఆ ప్రశ్న అడగక తప్పదు. రేపు తెల్లారితే పొయ్యి వెలగాలి, నీళ్ళు రావాలి. అందుకని నాకు తెలిసిన ఉపాయాలు చెప్తాను. ఉపాయాలతో పాటు, 2006 నుంచి ఈ నొప్పులతో సంసారం చేస్తూ నేను చేసిన తప్పు ఒకటుంది, అదీ చెప్తాను. నిజానికి దాన్ని చెప్పడానికే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

నా పుట్టిల్లు నంద్యాల వైపు. మెట్టినిల్లు జమ్మలమడుగు వైపు. పుట్టింట్లో జొన్నరొట్టె, అత్తగారింట్లో రాగి సంగటి. తినేవాళ్ళకు రెండూ బలమైన తిండే. చేసేవాళ్ళ సంగతి చేసేవాళ్ళకే తెలుస్తుంది. రొట్టె తట్టేటప్పుడు భారమంతా మణికట్టు మీదా, వేళ్ళ కణుపుల మీదా పడుతుంది. ఇంట్లో ఆరుగురుంటే పూటకు పన్నెండు రొట్టెలన్నా తట్టాలి. సంగటి సంగతి ఇంకా వేరు. ఉడుకుతున్న నూకల్లో పిండి పోసి, గిన్నె కదలకుండా అదిమి పట్టి, ఉండ కట్టకుండా రెండు చేతులతో కట్టె తిప్పాలి. తర్వాత చెయ్యి కాలుతుండగా ముద్దలు చెయ్యాలి. పెళ్ళయిన పన్నెండేళ్ళు నేను ఆ కట్టె తిప్పాను. అది పని అని కూడా అనుకోలేదు.

2005 చివరలో మన సీమ జిల్లాల్లో ఒక జ్వరం మొదలైంది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా మన దేశంలో పెద్దగా కనపడకుండా పోయిన చికున్‌గున్యా మళ్ళీ వచ్చింది. మా ఊర్లో దాన్ని 'చికెన్ గున్యా' అన్నారు. కోడి వల్ల వచ్చిందనుకుని కొన్నాళ్ళు కోడికూర మానేశారు. దానికీ కోడికీ సంబంధం లేదు. ఆ పేరు ఆఫ్రికాలో టాంజానియా ప్రాంతపు మకొండే భాషలోది. నొప్పికి మనిషి వంగిపోతాడని దాని అర్థం. 1952లో ఆ జబ్బు మొదట అక్కడే గుర్తించారు. 2006లో మన దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల మందికి ఈ జ్వరం వచ్చినట్టు అనుమానిత కేసుల లెక్క చెబుతోంది.

ఈ జ్వరాన్ని మోసే దోమ మురికి గుంటలో కన్నా నిలవ ఉన్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. మన ఊర్లలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి తొట్లు, డ్రమ్ములు, బిందెలు, కడవలు అన్నీ నింపి పెట్టుకుంటాం. ఆ నీళ్ళ దగ్గర పగలంతా మసిలేది ఎవరు? మనమే. కరువు సీమలో నీళ్ళు మోసేదీ ఆడదే, ఆ నీళ్ళ పక్కన దోమకాటు తినేదీ ఆడదే.

మా ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. మా ఆయనకు నెలరోజుల్లో తగ్గింది. పిల్లలకు ఇంకా ముందే తగ్గింది. నాకు జ్వరం పోయింది గాని నొప్పులు పోలేదు. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. కొళాయి తిప్పలేను. జాకెట్ హుక్కు పెట్టుకోలేను. మా అత్త "మాకు రాలేదా నొప్పులు? మేం చేసుకోలేదా?" అనేది. అప్పుడు నాకు కోపం వచ్చేది. చాలా ఏళ్ళ తర్వాత, ఆమె పోయాక, ఒక పెళ్ళి ఫోటోలో ఆమె చేతులు చూశాను. వేళ్ళన్నీ ఒక పక్కకు వంకర పోయి ఉన్నాయి. ఆ చేతులతోనే ఆమె ముప్పై ఏళ్ళు సంగటి కెలికింది. అది ఏం జబ్బు అని ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

రెండేళ్ళు నేను ఊర్లో సూదులు వేయించుకున్నాను. సూది వేసిన నాడు ఒళ్ళు తేలికయ్యేది. మొహం ఉబ్బింది, ఆకలి పెరిగింది. బాగయ్యావే అన్నారు చూసినవాళ్ళు. అవి స్టెరాయిడ్లని తర్వాత తెలిసింది. 2008లో పెద్దాసుపత్రికి పోతే రక్తపరీక్షలు చేసి కీళ్ళవాతం అన్నారు. ఆ జ్వరమే దీన్ని తెచ్చిందా, లోపల ఉన్నది బయటపడిందా అంటే చెప్పలేమన్నారు.

ఇక్కడ కార్యకర్తలకు ఒక మాట. మనం అన్నిటినీ కలిపి 'కీళ్ళ నొప్పులు' అనేస్తాం. అవన్నీ ఒకటి కాదు. వయసు మీద పడి, ఏళ్ళ తరబడి బరువులు మోసి మోకాళ్ళు అరిగేది ఒకటి. గున్యా తర్వాత నెలలు, కొందరికి ఏళ్ళు మిగిలిపోయేది ఒకటి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊర్లలో ఎముకలు బిగుసుకుపోయేది ఇంకొకటి. నాకున్న కీళ్ళవాతం వేరు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి కీళ్ళ లోపలి పొరను తినేస్తుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ముసలితనం దాకా ఆగదు. పిల్లలు చిన్నగా ఉండి, పని నెత్తి మీద ఉన్న వయసులోనే తరచుగా వస్తుంది.

గుర్తుపట్టడానికి ఒక తేడా చెప్తాను. అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. కీళ్ళవాతం తలకిందులు. పొద్దున గంటా రెండు గంటలు కీళ్ళు కొయ్యబారి ఉంటాయి. కదిలేకొద్దీ కొంచెం సడలుతాయి. ఇదే మన కొంప ముంచింది. పొద్దున అయిదింటికి మూలుగుతున్న మనిషి తొమ్మిదింటికి గిన్నెలు తోముతూ కనపడుతుంది. "చూడు, పనిలో పడితే నొప్పి పోతుంది, అంతా బద్ధకం" అంటారు. పొద్దున లేవలేనిదాన్ని బద్ధకస్తురాలన్నారు. పగలు చేసినదాన్ని నొప్పి లేదన్నారు. ఆ రెండు మాటల మధ్య నా రెండేళ్ళు పోయాయి. ఈ జబ్బులో మొదటి ఏడాది, రెండేళ్ళే ముఖ్యమని, అప్పుడు సరైన మందు పడితే వేళ్ళు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చని డాక్టర్లు చెప్తారు.

ఇంక ఉపాయాల సంగతి. ఇవి నేను చేసి చూసినవి. డబ్బు పెద్దగా అక్కర్లేదు.

పొద్దున లేవగానే చల్లనీళ్ళలో చెయ్యి పెట్టడం మానేశాను. గోరువెచ్చని నీళ్ళలో చేతులు పది నిమిషాలు ఉంచి, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పుతాను. కూరగాయలు కోయడం, బియ్యం ఏరడం వంటివి పగలు చేతులు బాగున్నప్పుడే చేసిపెట్టుకుంటాను. పొరకకు పొడుగాటి వెదురు కట్టె కట్టించాను. నిలబడి ఊడుస్తుంటే వీధిలో నవ్వారు. నిలబడి ఊడ్చేది మునిసిపాలిటీ వాళ్ళే అన్నారు. వంగి ఊడిస్తేనే ఇల్లు శుభ్రమవుతుందని ఏ శాస్త్రంలో ఉంది?

గరిటె, కత్తి, అట్లకాడ పిడులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టించాను. పిడి లావైతే పట్టు తక్కువ బిగించాలి, వేళ్ళకు భారం తగ్గుతుంది. సైకిల్ షాపులో డబ్బులు కూడా తీసుకోలేదు. పెద్ద బిందె మానేసి రెండు చిన్న బిందెలు పెట్టుకున్నాను. గిన్నె ఎత్తేటప్పుడు వేళ్ళతో పట్టి ఎత్తకుండా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఎత్తుతాను. బట్టలు పిండడం పూర్తిగా మానుకున్నాను. నీళ్ళు కారుతున్నట్టే తీగ మీద వేస్తాను. మన ఎండలకు ఎంతసేపు? కళ్ళాపి, ముగ్గు పండగ నాడే. రోజూ ముగ్గు లేకపోతే లక్ష్మి రాదన్నారు. రోజూ ముగ్గు వేసిన రోజుల్లోనూ మా ఇంటికి పెద్దగా వచ్చింది లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు పొయ్యి. 1999లో దీపం పథకం వచ్చాక మాకూ గ్యాస్ వచ్చింది. కానీ పొయ్యి నేల మీదే పెట్టుకుని, పీట మీద కూర్చుని వండేదాన్ని. మా జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనుల్లో తీసిన కడప బండ లారీలకెక్కి ఊర్లూరికీ పోతుంది, అక్కడి వంటిళ్ళలో గట్టు అవుతుంది. ఆ బండ పుట్టిన ఊర్లో ఆడవాళ్ళు నేల మీద గొంతుక్కూర్చుని వండుతారు. 2009లో ఒక బండ కొని నడుమెత్తు గట్టు కట్టించుకున్నాను. మోకాళ్ళకు సగం ప్రాణం వచ్చింది.

మరుగుదొడ్డి సంగతి చెప్పడానికి మనం సిగ్గుపడతాం. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద పల్లెల్లో కట్టినవి ఎక్కువభాగం కింద కూర్చునేవే. మోకాళ్ళు వంగని ఆడవాళ్ళు వాటిలో కూర్చోలేరు, లేవలేరు. అందుకని నీళ్ళు తాగడం తగ్గిస్తారు, రాత్రి తిండి మానేస్తారు. మధ్యలో రంధ్రం కోసిన కుర్చీ ఒకటి వేసుకుంటే ఈ కష్టం తీరుతుంది.

ఇవీ ఉపాయాలు. ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొట్టి పంపిస్తారు. కానీ ఇవన్నీ చేశాక కూడా మిగిలిన పని ఉంది. నీళ్ళు మోయడం, సంగటి కెలకడం, అంట్లు, బట్టలు. అవి ఎవరు చేశారు?

మా పాప చేసింది. 2006లో దానికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. మొదట రెండు బిందెలు తెచ్చి పెట్టమన్నాను. తర్వాత అంట్లు. తర్వాత బట్టలు. తర్వాత రెండు పూటలా సంగటి. ఎవరూ ఒకనాడు కూర్చుని నిర్ణయించలేదు. నా చేతుల్లోంచి జారిన ప్రతి పనీ దాని చేతుల్లో పడింది, అంతే. అదే ఇంట్లో దాని తమ్ముడున్నాడు, వాళ్ళ నాయనున్నాడు. ఒక్క పని కూడా అటు జారలేదు. ఇరుగు పొరుగు మెచ్చుకున్నారు. "నీ బిడ్డ బంగారం, తల్లి కష్టం తెలుసుకుంది" అన్నారు. నేను కూడా సంతోషించాను. 'నొప్పులున్నా ఇల్లు నెట్టుకొస్తున్నాను' అని అప్పటికే సంఘం మీటింగుల్లో చెప్పేదాన్ని. ఆడపిల్లల చదువు గురించి కూడా మాట్లాడేదాన్ని.

బడిలో మొదటి గంట అయ్యాక పోయేది. వారానికి రెండు రోజులు అసలు పోయేది కాదు. 2010లో పదో తరగతి తప్పింది. ఫలితాలు వచ్చిన నాడు నేనే తిట్టాను. అది ఏడవలేదు. గిన్నె ముందు కూర్చుని సంగటి కెలుకుతూ, "అమ్మా, నాకు కూడా వేళ్ళు నొప్పి పుడితే అప్పుడు ఎవరు చేస్తారు?" అని అడిగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను నా జబ్బును సర్దుకున్నాననుకున్నాను. నిజంగా నేను చేసింది నా చాకిరీని నా కూతురికి రాసివ్వడం. మా అత్త నాకు ఇచ్చినట్టే.

మర్నాడు ఒక పలక తెచ్చి, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇంట్లో జరిగే పనులన్నీ పాపచేత రాయించాను. 31 పనులు వచ్చాయి. ఒక్కొక్క దాని పక్కన చేసేవాళ్ళ పేరు రాయించాను. 29 పనుల పక్కన నా పేరు, దాని పేరు. రెండింటి పక్కన వాళ్ళ నాయన పేరు: గ్యాస్ సిలిండర్ తేవడం, అంగడి నుంచి సామాన్లు తేవడం. అబ్బోడి పేరు ఎక్కడా లేదు. ఆ పలక మా ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, "మగోడు పొరక పడితే ఊర్లో తలెత్తుకునేది ఎట్లా?" అన్నాడు. "పదో తరగతి తప్పిన బిడ్డతో తలెత్తుకుంటున్నావు గదా" అన్నాను. వారం రోజులు మా మధ్య మాటల్లేవు.

ఆ వారం నేను సంగటి చెయ్యలేదు, పాపను చెయ్యనివ్వలేదు. అన్నం, పప్పు చేశాను. సేద్యం చేసేవాడికి సంగటి లేకపోతే కడుపు నిండదు. ఎనిమిదో రోజు ఆయనే కట్టె తీసుకున్నాడు. పొలంలో పార తిప్పే చెయ్యి, ఆ కట్టె ఆయనకు ఎంత? మొదటిరోజు ఉండలు కట్టింది, నాలుగో రోజుకు కుదిరింది. నీళ్ళు సైకిలుకు కట్టి తేవడం మొదలుపెట్టాడు. ఊడ్చేది మాత్రం తలుపు వేసుకుని ఊడ్చేవాడు. అబ్బోడికి అంట్లు, రొట్టెలు నేర్పించాను. నేను కథను తియ్యగా ముగించదలచుకోలేదు. మా ఆయన ఇప్పటికీ బట్టలు ఉతకడు. బంధువులొస్తే కట్టె నా చేతికిచ్చి వసారాలో కూర్చుంటాడు. అయినా పాప మరుసటి ఏడు పది పాసయింది, తర్వాత నర్సింగు చదివింది.

దానికి సంబంధాలు చూసేటప్పుడు ఇంకొక సంగతి తెలిసింది. వచ్చినవాళ్ళ కళ్ళన్నీ నా చేతుల మీదే. "ఇది మీ వంశంలో ఉందా?" అని అడిగారు. చేతులు కొంగు కింద పెట్టుకోమని మా వదినె చెప్పింది. మొదటిసారి పెట్టుకున్నాను. రెండోసారి పెట్టుకోలేదు, ఆ సంబంధం తప్పిపోయింది. ఇది అంటుకునే జబ్బు కాదు. ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికి వచ్చే అవకాశం కొంత ఎక్కువే గాని, తల్లికి ఉంటే కూతురికి వచ్చి తీరాలని లేదు. కూతుళ్ళ పెళ్ళిళ్ళకు భయపడి జబ్బు దాచి, మందు వేసుకోకుండా చేతులు పాడు చేసుకున్న తల్లులు మన మధ్య ఉన్నారు. వాళ్ళను వెతకవలసిన పని మనది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని చెప్పడానికి ప్రభుత్వ లెక్కలే చాలు. 2019లో జాతీయ గణాంక సంస్థ ప్రజల కాలవినియోగం మీద సర్వే చేసింది. ఆరేళ్ళు దాటినవాళ్ళలో, కూలి లేని ఇంటిపని చేసేవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో నూటికి 26 మంది. చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గింది. మగవాళ్ళకు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది.

ఈ పనికి విలువ ఉందని కోర్టులు ఒప్పుకున్నాయి. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు చనిపోయిన గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయలు లెక్కకట్టింది. జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్ళు, ఖైదీలతో పాటు ఉత్పత్తి లేనివాళ్ళ కింద చేర్చడాన్ని 2010లో ఇంకొక తీర్పు తప్పు పట్టింది. 2021 జనవరిలో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ ఒక రోడ్డు ప్రమాదం కేసులో, నేను ఇప్పుడు చెప్పిన ఆ 299, 97 నిమిషాల లెక్కనే చూపించి, ఇంటిపనికి విలువ కట్టడం న్యాయమని రాశారు. మంచి తీర్పులే. కానీ చూడండి, ఈ లెక్కలన్నీ ఆ ఆడది ప్రమాదంలో చనిపోయాక ఆమె మనుషులకిచ్చే పరిహారం కోసం కట్టినవి. బతికుండి, చేతులు పడిపోయిన ఆడదాని పనిని లెక్కకట్టమంటే దారి ఎక్కడుంది?

ఆ దారి కోసమే నేను వికలాంగుల సర్టిఫికెట్టుకు పోయాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. కీళ్ళవాతం పేరు అందులో లేదు. దానివల్ల కాళ్ళూ చేతులూ దెబ్బతింటే చలన వైకల్యం కింద చూస్తారు. 40 శాతం ఉంటే పింఛనుకు అర్హత. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. నాకు 30 శాతం రాశారు.

ఎందుకని కనుక్కుంటే ఒక సంగతి తెలిసింది. 2018 జనవరిలో కేంద్రం వెలువరించిన మార్గదర్శకాల్లో, చేతి వైకల్యం కొలవడానికి కీలు ఎంత వంగుతుంది, ఎంత బలముంది అనేవాటితో పాటు కొన్ని పనులు చేయించి చూడమన్నారు. గ్లాసుతో నీళ్ళు తాగడం, చేత్తో అన్నం తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, గుండీ పెట్టుకోవడం, రాయడం వంటివి. నేను చదివి ఆశ్చర్యపోయాను. నీళ్ళు తాగడం ఉంది, నీళ్ళు మోయడం లేదు. అన్నం తినడం ఉంది, వండడం లేదు. చొక్కా తొడుక్కోవడం ఉంది, ఉతకడం లేదు. ఆ పట్టిక రాసినవాళ్ళ మనసులో ఉన్న మనిషి, ఎవరో వండిపెడితే తినేవాడు. నేను పదకొండు గంటలకు, చేతులు సడలాక, గ్లాసు ఎత్తి చూపించాను. పొద్దున అయిదింటికి నన్ను ఎవరూ చూడలేదు.

అందుకని కార్యకర్తలు చేయవలసినవి నాలుగు చెప్పి ముగిస్తాను.

ఒకటి. పొద్దున గంటకు పైగా చేతులు కొయ్యబారుతున్నాయని, కీళ్ళు వాచాయని ఎవరు చెప్పినా, సూదుల దగ్గర ఆగనివ్వకుండా పెద్దాసుపత్రికి తోడు పోండి. కీళ్ళవాతానికి ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. చదువురాని ఆడవాళ్ళు దాన్ని రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భంతో ఉన్నవాళ్ళు, బిడ్డ కావాలనుకునేవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మందు వాళ్ళకు పనికిరాదు. మందు వేసుకునే రోజును క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి. మందులకు డబ్బివ్వకుండా వేధిస్తుంటే, 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించిందని ఆ ఇంటివాళ్ళకు చెప్పండి.

రెండు. సర్టిఫికెట్టులో తక్కువ రాస్తే ఊరుకోవద్దు. ఆ చట్టంలోనే అప్పీలు చేసుకునే హక్కుంది. నేను చేశాను. ఇంకా తేలలేదు. కొలిచే పనుల్లో వంట, నీళ్ళు, ఉతుకు చేర్చాలని మన సంఘాలన్నీ కలిసి అడగాలి.

మూడు. ఇంటింటికీ కొళాయి అనేది ఆడవాళ్ళ కీళ్ళకు సంబంధించిన డిమాండు కూడా అని గ్రామసభలో చెప్పండి. రోజూ నీళ్ళు వస్తే మోత తగ్గుతుంది, నిలవ తగ్గుతుంది, దోమ తగ్గుతుంది.

నాలుగు. ఇది అన్నిటికన్నా కష్టం. కీళ్ళ నొప్పులతో ఉన్న అక్కను కలిసినప్పుడు, "నొప్పి ఎట్లుంది?" అని అడిగాక, "నువ్వు చెయ్యలేని పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అని అడగండి. జవాబులో కూతురు పేరు వస్తే ఆ పిల్ల బడికి పోతోందో లేదో చూడండి. కోడలి పేరు వస్తే ఆమె ఏం వదులుకుందో కనుక్కోండి. ఇంట్లో పలక పెట్టించండి.

మా ఇంట్లో 2023లో అబ్బోడి పెళ్ళయింది. బంధువులందరూ ఒకటే మాట: "కోడలొచ్చింది గదా, ఇంక కాలు మీద కాలు వేసుకుని కూర్చో." మూడోరోజు నేను మళ్ళీ పలక తీశాను. కోడలు సిగ్గుపడింది. ఆమె పేరు రాయబోతే ఆపి, ముందు మగవాళ్ళ పేర్లు రాయమన్నాను. మా ఆయన గొణుగుతూనే చెప్పాడు, "సంగటి నాకు రాయండి" అని.

అక్కలారా, నా వేళ్ళు మళ్ళీ నిటారుగా కావు. ఆ సంగతి నాకు తెలుసు. మందులు ఉన్న వేళ్ళను కాపాడతాయి, అంతే. కానీ మా అత్త చేతుల్లోంచి నాకూ, నా చేతుల్లోంచి పాపకూ వచ్చిన ఆ కట్టె మా కోడలి చేతికి ఒంటరిగా పోకుండా ఆపగలిగాను. ఇవాళ మీరు ఇంటికి పోయేసరికి పొద్దుగూకుతుంది. మీ ఇంట్లో సంగటి ఎవరు కెలుకుతున్నారో చూడండి. వచ్చే మీటింగులో ఆ సంగతి మాట్లాడుకుందాం.

సెలవు.